నంబరు పలక, చార్జరు, రెండో బ్యాటరీ: విద్యుత్ స్కూటర్ల భద్రతా నిబంధన ఎక్కడి వరకు వస్తుంది?

సంక్షిప్తంగా: విద్యుత్ ద్విచక్ర వాహనాల బ్యాటరీలకు 2022 చివరి నుంచి దేశంలో గట్టి భద్రతా ప్రమాణమే అమలులో ఉంది. అది ప్రధానంగా కంపెనీ నుంచి కొత్తగా బయటికి వచ్చే బండిని పరీక్షిస్తుంది. మూడు నాలుగేళ్ల తరువాత వీధిలో మార్పించుకునే బ్యాటరీ, దానికి తగిలించే చార్జరు, ఇంట్లో చార్జింగ్ పెట్టే చోటు చాలావరకు ఆ చూపుకు అందవు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఎండ, ఉప్పుగాలి, వరద నీరు ఈ సందును ఇంకా వెడల్పు చేస్తాయి.

నెల్లూరు ట్రంకురోడ్డులోనో ఒంగోలు కర్నూలు రోడ్డులోనో కాసేపు నిలబడి చూస్తే రెండు రకాల చార్జింగ్ బండ్లు కనిపిస్తాయి. కొన్నింటికి ఆకుపచ్చ పలక మీద తెల్లని అక్షరాలతో నంబరు ఉంటుంది. మరికొన్నింటికి నంబరు పలకే ఉండదు. చూపులకు రెండూ స్కూటర్లే అయినా చట్టం దృష్టిలో మొదటిది మోటారు వాహనం, రెండోది కాదు. బ్యాటరీ పేలిందన్న వార్త వచ్చినప్పుడల్లా ‘ప్రభుత్వం పరీక్షించే కదా అమ్మనిచ్చింది’ అనేవారూ, ‘అసలు నిబంధనలే లేవు’ అనేవారూ ఉంటారు. ఏ బండి గురించి, ఏ బ్యాటరీ గురించి మాట్లాడుతున్నారన్నది తేల్చుకుంటే తప్ప ఈ రెండు మాటల్లో ఏది నిజమో చెప్పలేము.

2022 వేసవి తెచ్చిన మార్పు

2022 మార్చి, ఏప్రిల్ నెలల్లో దేశంలో పలుచోట్ల విద్యుత్ స్కూటర్లు వరుసగా తగలబడ్డాయి. తమిళనాడులోని వెల్లూరులో రాత్రి చార్జింగ్ పెట్టిన బండి అంటుకుని తండ్రీ కూతుళ్లు మరణించారు. నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు, విజయవాడలో పడకగదిలో చార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఒక గృహస్థుడు ప్రాణాలు కోల్పోయారు. విజయవాడ బండి అంతకు ముందురోజే కొన్నది. పాతబడిన బ్యాటరీలే ప్రమాదమన్న నమ్మకాన్ని ఆ ఒక్క వివరమే దెబ్బతీసింది. అదే ఏడాది సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో విద్యుత్ స్కూటర్ల షోరూమ్‌లో మొదలైన మంటల పొగ పైనున్న లాడ్జిలోకి ఎక్కి ఎనిమిది మందిని బలిగొంది.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ హైదరాబాద్‌లోని పదార్థ విజ్ఞాన పరిశోధన కేంద్రం ఏఆర్‌సీఐ సంచాలకుడు టాటా నరసింగరావు నేతృత్వంలో నిపుణుల సంఘాన్ని వేసింది. అందులో రక్షణ పరిశోధన సంస్థ, భారతీయ విజ్ఞాన సంస్థ, మద్రాసు ఐఐటీ నిపుణులు ఉన్నారు. ఈలోగా మూడు కంపెనీలు కలిపి ఆరున్నర వేలకు పైగా స్కూటర్లను వెనక్కి పిలిపించుకున్నాయి. సంఘం సిఫారసుల మీద ద్విచక్ర, త్రిచక్ర వాహనాల బ్యాటరీ ప్రమాణమైన ఏఐఎస్-156కు 2022 సెప్టెంబరు 27న మూడో సవరణ వచ్చింది. దాని తొలి దశ 2022 డిసెంబరు 1 నుంచి, రెండో దశ 2023 మార్చి 31 నుంచి అమలైంది. ఏఐఎస్-156కు మూలం ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లోని 136వది. మన సవరణ దానికి మరికొన్ని షరతులు చేర్చింది.

పరీక్ష దేనికి?

సవరణలోని షరతులు అర్థం కావాలంటే ముందు లిథియం సెల్లు ఎలా అంటుకుంటుందో చూడాలి. స్కూటరు ప్యాకు అంటే ఒకే పెద్ద బ్యాటరీ కాదు. టార్చిలైటు సెల్లును పోలిన చిన్న సెల్లులు పదుల నుంచి వందల సంఖ్యలో, నికెల్ పట్టీలతో ఒకదానికొకటి వెల్డింగ్ చేసి ఉంటాయి. లోపలి షార్టు వల్లో, అతి చార్జింగ్ వల్లో, దెబ్బ తగలడం వల్లో ఒక సెల్లు వేడెక్కి వంద డిగ్రీల చుట్టుపక్కలకు చేరితే లోపలి రక్షణ పొర విచ్ఛిన్నమవడం మొదలవుతుంది. దాదాపు 130 డిగ్రీల దగ్గర ధన, రుణ ధ్రువాల మధ్య ఉండే పల్చని ప్లాస్టిక్ తెర కరుగుతుంది. అక్కడి నుంచి వేడి వేడినే పుట్టిస్తుంది. నికెల్, మాంగనీసు, కోబాల్టు కలిసిన ఎన్‌ఎంసీ రకం సెల్లయితే 200 డిగ్రీలు దాటాక తనలోని ఆక్సిజన్‌ను తానే విడుస్తుంది. అందుకే ఈ మంట మీద దుప్పటి కప్పినా ఆరదు. ఇనుము, ఫాస్ఫేటు కలిసిన ఎల్‌ఎఫ్‌పీ రకం తన ఆక్సిజన్‌ను గట్టిగా పట్టి ఉంచుకుంటుంది కనుక అది ఇంత సులువుగా అదుపు తప్పదు. అయితే ఎల్‌ఎఫ్‌పీ అసలు కాలదన్న ప్రచారం సరికాదు. అదుపు తప్పితే అది విడిచే వాయువులు కూడా మండేవే.

ఒక సెల్లు పోవడం ప్రమాదమే కానీ విపత్తు కాదు. దాని వేడి పక్క సెల్లుకు, అక్కడి నుంచి ఆ పక్కదానికి పాకితేనే ఇల్లు అంటుకుంటుంది. కొత్త ప్రమాణం దృష్టి అంతా ఈ పాకుడు మీదే ఉంది. పరీక్షలో ఒక సెల్లును కావాలని అదుపు తప్పిస్తారు; ఆ మంట ప్యాకంతా పాకి బయటికి రాకూడదు. సెల్లుల మధ్య తగినంత ఎడం, పుట్టిన వాయువు బయటికి పోయే దారి, వేడి పెరుగుతున్నప్పుడు చప్పుడుతో, వెలుగుతో హెచ్చరించే ఏర్పాటు ఉండాలి. నీట మునక పరీక్షలో ప్యాకును మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు ఉంచినా లోపలికి నీరు చేరకూడదు. సెల్లులకు విడిగా ధ్రువీకరణ ఉండాలి; వాటి తయారీ నెల, ఏడాది తెలియాలి. చార్జరుకు కూడా షరతులున్నాయి: నిర్ణీత సమయానికి తనంతట ఆగిపోవాలి, పూర్తిగా దిగిపోయిన బ్యాటరీకి ముందు కొద్దికొద్దిగా విద్యుత్తు పంపాలి, ఎర్తు లీకేజీని పసిగట్టాలి.

కాగితం మీద ఇది ఏ దేశంతో పోల్చినా తీసిపోని ప్రమాణం. దాని పరిధి ఎక్కడ ఆగుతుందన్నదే అసలు చర్చ.

నంబరు లేని బండి

కేంద్ర మోటారు వాహన నియమాల్లో 2వ నియమంలోని ‘యు’ ఖండం ప్రకారం మోటారు శక్తి 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ తీసేశాక బరువు 60 కిలోలకు మించని బ్యాటరీ బండి మోటారు వాహనం కిందికి రాదు. రిజిస్ట్రేషన్ వద్దు, లైసెన్సు వద్దు, బీమా తప్పనిసరి కాదు. అయితే ఈ మినహాయింపు పొందాలంటే బండి నమూనాను గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ పరీక్షించి ధ్రువపత్రం ఇవ్వాలి. అమ్మకం దగ్గర చాలామందికి చెప్పనిది ఈ ముక్కే.

ఈ మినహాయింపు సైకిల్ లాంటి నెమ్మది బండ్లను ఉద్దేశించి పెట్టినది. దానిలోకి స్కూటరు ఆకారమున్న బండ్లు వచ్చి చేరాయి. కావలి, కందుకూరు, కనిగిరి వంటి పట్టణాల్లో బడికి వెళ్లే పిల్లలకు, అంగడి దాకా వెళ్లి వచ్చే పెద్దవాళ్లకు వీటికి మించి చవకైనది దొరకదు. చవకకు కారణం కూడా విధానాల్లోనే ఉంది. కేంద్రం ఇచ్చిన రాయితీల్లో రెండో విడత ఫేమ్ పథకం సీసం-ఆమ్లం బ్యాటరీ బండ్లను, గంటకు 40 కిలోమీటర్ల వేగం అందుకోలేని స్కూటర్లను పక్కన పెట్టింది. దాంతో రాయితీ అందని ఈ వర్గం ధర తగ్గించుకోవడానికి సీసం-ఆమ్లం బ్యాటరీల మీదే ఆధారపడింది. ఆ బ్యాటరీలు బరువెక్కువ, దూరం తక్కువ, ఒకటిన్నర రెండేళ్లకే సన్నగిల్లుతాయి. కానీ లిథియంలా మంటలు కక్కవు. అందుకే కొత్తగా ఉన్నంత కాలం ఈ బండ్ల వల్ల పెద్ద ప్రమాదాలు వినిపించలేదు.

ఇబ్బంది మొదలయ్యేది వాటిని లిథియంకు మార్చినప్పుడు.

48 వోల్టులన్నీ ఒకటి కావు

సీసం-ఆమ్లం బండిలో సాధారణంగా నాలుగు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా ఉంటాయి. మొత్తం 48 వోల్టులు. అవి పోయాక మెకానిక్ షాపులో ‘అదే 48 వోల్టుల్లో లిథియం వేస్తే బరువు సగం తగ్గుతుంది, దూరం రెట్టింపు వస్తుంది’ అన్న సలహా దొరుకుతుంది. మాట అబద్ధం కాదు. పాత చార్జరు బాగానే ఉంది కదా అని దాన్నే వాడుకోమంటారు. ప్రమాదం ఈ రెండో వాక్యంలో ఉంది.

లెక్క చూస్తే విషయం తేటపడుతుంది. నాలుగు సీసం బ్యాటరీలను పూర్తిగా నింపడానికి చార్జరు ఒక్కో బ్యాటరీకి 14.4 నుంచి 14.8 వోల్టుల వరకు ఇస్తుంది. మొత్తం దాదాపు 58 నుంచి 59 వోల్టులు. 48 వోల్టుల ఎన్‌ఎంసీ ప్యాకులో 13 సెల్లులు వరుసగా ఉంటాయి. ఒక్కో సెల్లు హద్దు 4.2 వోల్టులు కనుక మొత్తం 54.6 వోల్టుల దగ్గర చార్జింగ్ ఆగాలి. దానికి 59 వోల్టులు ఇస్తే సెల్లుకు 4.5 వోల్టులకు పైగా పడుతుంది. ఆ స్థితిలో రుణధ్రువం మీద లిథియం లోహం పేరుకుంటుంది, లోపలి ద్రవం విచ్ఛిన్నమై వాయువు పుడుతుంది, సెల్లు ఉబ్బుతుంది. అదే 48 వోల్టుల ఎల్‌ఎఫ్‌పీ ప్యాకులో 16 సెల్లులుంటాయి. దాని హద్దు 58.4 వోల్టులు. ఒకే చార్జరు ఒక 48 వోల్టుల ప్యాకుకు దాదాపుగా సరిపోతుంది, మరో 48 వోల్టుల ప్యాకును పాడు చేస్తుంది. పైన అంటించే కాగితం మీద మాత్రం రెండింటికీ రాసేది 48 వోల్టులే.

ఇంత తేడా ఉన్నా రోజూ బండ్లు తగలబడకపోవడానికి కారణం ప్యాకులోని బీఎంఎస్. సెల్లుల వోల్టేజీని కనిపెట్టుకుని ఉండి హద్దు దాటగానే తెంపేసే చిన్న పలక అది. ఈ అమరికలో రోజువారీ చార్జింగ్‌ను ఆపే పని దాని మీద పడుతుంది. నిజానికి అది చివరి కాపలాదారు; దాన్ని రోజూ తలుపు వేసే పనికి పెట్టినట్లయింది. తెంపే పని చేసే ట్రాన్సిస్టరు చెడిపోతే చాలాసార్లు తెరుచుకున్న స్థితిలో కాక కలిసిపోయిన స్థితిలో చెడుతుంది. అంటే బండి మామూలుగానే నడుస్తుంది, చార్జింగ్ మామూలుగానే ఎక్కుతుంది, కాపలా మాత్రం ఉండదు. యజమానికి ఈ సంగతి తెలిసే సూచనేదీ ఉండదు.

ప్యాకు కట్టే తీరు కూడా చూడాలి. పాత ల్యాప్‌టాప్‌ల నుంచి, ప్రమాదంలో దెబ్బతిన్న బండ్ల నుంచి తీసిన సెల్లులను మల్టీమీటరుతో వోల్టేజీ చూసి ఏరి, స్పాట్ వెల్డింగ్ చేసి, పైన నీలిరంగు ప్లాస్టిక్ తొడుగు వేసి వేడిగాలితో బిగిస్తే చూపులకు కొత్త ప్యాకే. వోల్టేజీ సరిపోయినంత మాత్రాన సెల్లుల సామర్థ్యం, లోపలి నిరోధం సమానమని కాదు. బలహీనమైన సెల్లు అందరికంటే ముందు నిండుతుంది, అందరికంటే ముందు దిగిపోతుంది, ప్రతి చార్జింగ్‌లోనూ కాస్త ఎక్కువ దెబ్బ తింటుంది. కొత్త సెల్లులతో నిజాయితీగా కట్టేవారూ ఉన్నారు. తొడుగు మీద నుంచి ఇద్దరి సరుకునూ వేరు చేసి చూసే దారి కొనుగోలుదారుకు లేదు. ఏఐఎస్-156 అడిగే సెల్లుల ఎడం, వాయువు దారి, పాకుడు పరీక్ష, తయారీ తేదీ వంటివేవీ ఈ ప్యాకు దగ్గరికి రావు.

ఎండ, ఉప్పు, నీళ్లు

చాలా లిథియం సెల్లులకు చార్జింగ్ పెట్టదగిన ఉష్ణోగ్రత హద్దు 45 డిగ్రీలు. మే నెలలో నెల్లూరులో నీడలోనే 40 డిగ్రీలు దాటడం వింత కాదు. రేకుల షెడ్డు కింద అంతకు మించే ఉంటుంది. మధ్యాహ్నం ఎండలో పది పదిహేను కిలోమీటర్లు తిరిగి వచ్చిన ప్యాకు లోపల గాలి కంటే వేడిగా ఉంటుంది. మంచి బీఎంఎస్ అప్పుడు చార్జింగ్‌ను నిరాకరిస్తుంది. యజమానికి అది లోపంలా కనిపిస్తుంది; ‘చార్జింగ్ ఎక్కడం లేదు’ అన్న ఫిర్యాదుతో బండి మెకానిక్ దగ్గరికి వెళితే ఉష్ణోగ్రత సెన్సరు తీగను పక్కకు తప్పించడం చాలా సులువైన మరమ్మతు. బండి బాగైనట్టే ఉంటుంది.

మైపాడు, కొత్తపట్నం వంటి తీర ప్రాంతాల్లో, రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బండ్లకు ఉప్పుగాలి మరో బెడద. కనెక్టర్ల మీద పచ్చటి తుప్పు పేరుకుంటే అక్కడ నిరోధం పెరిగి, అదే విద్యుత్తుకు ఎక్కువ వేడి పుడుతుంది. ప్లగ్గు కరిగి నల్లబడిన బండ్లలో చాలావాటి కథ ఇదే. తప్పు సెల్లులది కాదు.

నీటి సంగతి ఇంకాస్త చిక్కు. 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు పరిసరాలు మునిగాయి. 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను రెండు జిల్లాలనూ తడిపేసింది. అరగంట మునక పరీక్ష నెగ్గిన ప్యాకు రెండు రోజులు బురదనీటిలో ఉంటే నిలుస్తుందన్న హామీ ఆ పరీక్షలో లేదు. ఉప్పునీరైతే మరీ కష్టం. 2022లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఇయాన్ తుపాను తరువాత సముద్రపు నీట మునిగిన విద్యుత్ వాహనాలు కొన్ని నీరు తగ్గాక అంటుకున్నాయి. లోపలికి చేరిన ఉప్పునీరు ఆరిపోయాక మిగిలిన ఉప్పు పొర మీదుగా విద్యుత్తు దారి చేసుకోవడమే కారణం. పెట్రోలు బండిని ఆరబెట్టి ప్లగ్గు తుడిచి స్టార్టు చేసే అలవాటు ఇక్కడ పనికిరాదు. మునిగిన ప్యాకును చార్జింగ్ పెట్టకుండా, ఇంటికి దూరంగా ఆరుబయట ఉంచి, సర్వీసు వారికి చూపించడమే సరైన పద్ధతి.

ఇతర దేశాలు పట్టుకున్న కొస

చైనాలో ఇళ్ల మెట్ల దారుల్లో బండ్లు పెట్టి చార్జింగ్ చేసే అలవాటు ఎన్నో ప్రాణాలు తీసింది. 2024 ఫిబ్రవరిలో నాన్‌జింగ్‌లో కింది అంతస్తులో విద్యుత్ సైకిళ్లు నిలిపిన చోట మొదలైన మంటల్లో 15 మంది మరణించారు. ఆ దేశం విద్యుత్ సైకిళ్ల లిథియం బ్యాటరీలకు విడిగా తప్పనిసరి ప్రమాణాన్ని 2024 నవంబరు 1 నుంచి అమలులోకి తెచ్చింది. 2025 సెప్టెంబరు నుంచి అమలైన సైకిళ్ల ప్రమాణంలో బ్యాటరీని, వేగ నియంత్రణను మార్చే వీలు లేకుండా కట్టడి చేసింది. బండిని, బ్యాటరీని వేర్వేరుగా చూడటం ఇక్కడి విశేషం.

న్యూయార్క్ నగరం మరో దారి పట్టింది. 2023 సెప్టెంబరు నుంచి నిర్ణీత ధ్రువీకరణ లేని బ్యాటరీల అమ్మకాన్ని నిషేధించింది. వాడిన బ్యాటరీల నుంచి తీసిన సెల్లులతో ప్యాకులు కట్టడాన్ని కూడా ఆపింది. ఆ నగరంలో 2023లో లిథియం బ్యాటరీల వల్ల 268 అగ్నిప్రమాదాలు జరిగి 18 మంది మరణించారు. 2024లో ప్రమాదాలు తగ్గలేదు, 277 నమోదయ్యాయి; మరణాలు మాత్రం ఆరుకు తగ్గాయి. నాసిరకం సరుకు వీధిలో నుంచి పోవడానికి ఏళ్లు పడుతుందనీ, ప్రాణం నిలిచేదీ పోయేదీ మంట పుట్టిన చోటును బట్టి ఉంటుందనీ ఈ అంకెల నుంచి ఊహించవచ్చు. ఐరోపా సమాఖ్య 2027 ఫిబ్రవరి నుంచి ఇలాంటి తేలికపాటి వాహనాల బ్యాటరీలకూ డిజిటల్ పాస్‌పోర్టు తప్పనిసరి చేస్తోంది.

మన దగ్గర ప్రయత్నాలు లేవని కాదు. బ్యాటరీ లేకుండా బండి అమ్మవచ్చని, రిజిస్టర్ చేయవచ్చని రవాణా శాఖ 2020 ఆగస్టులోనే రాష్ట్రాలకు తెలిపింది. అంటే బ్యాటరీ విడి సరుకన్న సంగతిని ప్రభుత్వమే గుర్తించింది. 2022 ఆగస్టులో వచ్చిన వ్యర్థ బ్యాటరీల నిర్వహణ నియమాలు పాత ప్యాకును వెనక్కి తీసుకునే బాధ్యత ఉత్పత్తిదారు మీద పెట్టాయి. పాత సీసం బ్యాటరీని షాపు వాళ్లే తూకం వేసి డబ్బిచ్చి తీసుకుంటారు. లిథియం ప్యాకుకు అలాంటి అంగడి ఇంకా మన పట్టణాల్లో ఏర్పడలేదు. ఏర్పడనంత కాలం ఆ సెల్లులు మళ్లీ స్పాట్ వెల్డింగ్ బల్ల మీదికే చేరతాయి.

బాధ్యత ఎవరిది?

నంబరు ఉన్న బండి అయితే దారి కొంత స్పష్టం. కంపెనీ అమర్చిన బ్యాటరీలో లోపముంటే మోటారు వాహనాల చట్టం 110ఏ సెక్షన్ కింద వెనక్కి పిలిపించే అధికారం ప్రభుత్వానికి ఉంది. ఏడేళ్ల లోపు బండ్లకు ఇది వర్తిస్తుంది. అదే బండికి యజమాని వేరే రకం ప్యాకు వేయిస్తే తయారీ వివరాలకు భిన్నంగా మార్పు చేయరాదన్న 52వ సెక్షన్ అడ్డు వస్తుంది. యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, మార్పుకు 5,000 రూపాయల చొప్పున జరిమానా గానీ పడవచ్చు. బీమా కంపెనీ పరిహారం నిరాకరించడానికి కూడా ఈ మార్పే ఆధారమవుతుంది. ఇక్కడ శిక్ష కొన్నవాడికి స్పష్టంగా రాసి ఉంది. వీధిలో కట్టి అమ్మినవాడి సరుకును అమ్మకానికి ముందే పరీక్షించే ఏర్పాటు మాత్రం మన ఊళ్లలో కనిపించదు. నియంత్రణ లేనివాడిని వదిలి తెలియనివాడిని పట్టుకునే ఈ అమరిక పెద్దగా ఫలితమివ్వదు.

నంబరు లేని బండికి మోటారు వాహనాల చట్టం ఆసరా దొరకడం కష్టం. అది మోటారు వాహనమే కాదు గనుక. మిగిలేది 2019 వినియోగదారుల రక్షణ చట్టం. లోపమున్న సరుకు వల్ల ప్రాణానికి, ఆస్తికి నష్టం కలిగితే తయారీదారుతో పాటు అమ్మినవాడు, మరమ్మతు చేసినవాడు కూడా జవాబు చెప్పాలని ఆ చట్టం ఆరో అధ్యాయం చెబుతోంది. ప్రమాదకరమైన సరుకును వెనక్కి పిలిపించే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. 2022 ప్రమాదాల తరువాత అది కొన్ని కంపెనీలకు నోటీసులు కూడా ఇచ్చింది. జిల్లా కమిషన్ ముందు ఇలాంటి కేసు నిలవాలంటే ఆ ప్యాకు ఎవరు కట్టారో, ఎప్పుడు అమ్మారో, ఏ రకం సెల్లులో, ఏ చార్జరు వాడమన్నారో రాతలో ఉండాలి. వీధిలో మార్పించిన బ్యాటరీలు చాలావాటికి ఉండేది ఒక తెల్లకాగితం మీద ‘48 వోల్టుల లిథియం, ఏడాది గ్యారంటీ’ అన్న ఒక్క వరుస, కింద ఒక ఫోన్ నంబరు.